జీటీ7లో కారు వెనక తిరిగిపోతుంటే ఏది మార్చాలి, ఏది ముట్టుకోకూడదు

గ్రాన్ టురిస్మో 7 (జీటీ7) అనే ప్లేస్టేషన్ కార్ రేసింగ్ గేమ్ ఆడే ఫ్రెండ్స్ నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే, అన్నా కారు వెనక తిరిగిపోతోంది, ఏ సెట్టింగ్ మార్చాలి అని. సెట్టింగ్ షీట్ ఫొటో తీసి పంపిస్తారు, అందులో టైర్ల దగ్గర్నుంచి డిఫరెన్షియల్ దాకా అన్ని నంబర్లూ కనపడతాయి, కానీ అసలు కావాల్సిన ముక్క అందులో ఉండదు. కారు ఎప్పుడు తిరిగింది? బ్రేక్ మీద ఉన్నప్పుడా, బ్రేక్ వదిలేసి కార్నర్ మధ్యలో ఉన్నప్పుడా, యాక్సిలరేటర్ నొక్కి బయటికి వస్తున్నప్పుడా? ఒంట్లో బాలేదు అని ఒక్క మాట చెబితే డాక్టర్ మందు రాయలేడు కదా, ఇదీ అంతే, ఓవర్‌స్టీర్ అనే ఒక్క మాట వెనక మూడు వేరే వేరే జబ్బులు ఉంటాయి, ఒకదానికి వేసిన మందు ఇంకోదానికి పని చెయ్యకపోగా ఒక్కోసారి కారుని ఇంకా పాడు చేస్తుంది.

అందుకే ఎవరో ఫాస్ట్‌గా నడిపేవాళ్ల ట్యూన్ తెచ్చి అలాగే దించేస్తే చాలామందికి కలిసిరాదు. వాళ్లు స్టీరింగ్ వీల్ మీద ఆడుతుంటారు, మనం కంట్రోలర్ మీద, వాళ్లు రేసింగ్ సాఫ్ట్ టైర్లు వేసుంటారు, మనం స్పోర్ట్స్ హార్డ్ మీద ఉంటాం, పైగా వాళ్లకి వెనక కొంచెం కదిలితేనే ఇష్టం. వాళ్ల షీట్ వాళ్ల చేతికి సరిపోయింది, అంతే.

ముందు అసలు ఏం జరుగుతుందో రెండు మాటల్లో చెప్తాను, ఇది తెలిస్తే మిగతాదంతా మీరే ఊహించుకోగలరు. టైరు పట్టు అనేది నెల జీతం లాంటిది. పక్కకి తిరగడానికి కొంత ఖర్చవుతుంది, బ్రేకుకో వేగం పెంచడానికో కొంత ఖర్చవుతుంది, రెండూ కలిపి జీతం దాటితే టైరు జారుతుంది. ముందు టైర్లు ముందుగా దాటేస్తే ముక్కు తిరగకుండా నేరుగా పోతుంది, అది అండర్‌స్టీర్. వెనక టైర్లు ముందుగా దాటేస్తే తోక బయటికి వస్తుంది, అది ఓవర్‌స్టీర్. ఇంక జీతం ఎంత అనేది ఆ టైరు మీద పడే బరువుని బట్టి ఉంటుంది, బ్రేక్ వేస్తే బరువు ముందుకి పోతుంది కాబట్టి వెనక టైర్ల జీతం తగ్గిపోతుంది, యాక్సిలరేటర్ నొక్కితే వెనక్కి వస్తుంది కానీ వెనక చక్రాలు తిప్పే కారు అయితే ఖర్చు కూడా అదే సమయంలో పెరుగుతుంది. మీరు షీట్‌లో ఏ స్లైడర్ జరిపినా చివరికి జరిగేది ఈ జమాఖర్చుల లెక్క మారడమే.

ఇప్పుడు ఎక్కడ తిరుగుతోందో ఎలా కనిపెట్టాలి. నేనైతే సుకుబాకి వెళ్తాను. జపాన్‌లో ఇబరాకి ప్రాంతంలో ఉన్న చిన్న సర్క్యూట్, 2 కిలోమీటర్ల చిల్లర అంతే, ఒక్క నిమిషంలో ల్యాప్ అయిపోతుంది, ఆ నిమిషంలోనే గట్టి బ్రేకింగ్ వచ్చే హెయిర్‌పిన్లు (వెనక్కి తిరిగినట్టుండే సందు మలుపులు), వెనక స్ట్రెయిట్ మీదికి లాగే ఎగ్జిట్, చివర్లో పొడుగ్గా సాగే కుడి మలుపు అన్నీ వచ్చేస్తాయి. టైమ్ ట్రయల్‌లో ఏమీ మార్చకుండా అయిదు ల్యాప్‌లు కొట్టండి, టైమ్ గురించి పట్టించుకోకండి, తిరిగిన ప్రతిసారీ నా కాలు దేని మీద ఉంది, లేదా కంట్రోలర్ అయితే నా వేలు ఎల్2 (బ్రేక్) మీద ఉందా, ఆర్2 (యాక్సిలరేటర్) మీద ఉందా, రెండూ వదిలేసి ఉన్నానా అని గుర్తు పెట్టుకోండి. రీప్లే కూడా చూడండి. ఈ అయిదు ల్యాప్‌లు చెప్పింది ఏ గైడూ చెప్పలేదు, ఇది మాత్రం నేను గట్టిగా చెప్తాను.

ఇక్కడే ఒక మోసం ఉంది, దాని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నేను రెండు వారాలు దీని వల్లే తప్పు దారిలో తిరిగాను. కొన్ని కార్లలో అసలు జబ్బు అండర్‌స్టీర్, కానీ మనకి ఓవర్‌స్టీర్‌లా కనపడుతుంది. ఎలాగంటే, కార్నర్‌లోకి కొంచెం ఎక్కువ స్పీడ్‌తో వెళ్తాం, ముక్కు తిరగదు, మనం స్టీరింగ్ ఇంకా తిప్పుతాం, ఇంకా తిరగదు, కంట్రోలర్ మీద అయితే స్టిక్ చివరిదాకా నొక్కేసి ఉంటాం, ఈలోపు స్పీడ్ తగ్గి ముందు టైర్లకి ఒక్కసారిగా పట్టు దొరుకుతుంది, అప్పటికే చక్రాలు బాగా తిరిగి ఉన్నాయి కాబట్టి ముక్కు కత్తితో కోసినట్టు లోపలికి వస్తుంది, వెనకవి ఆ వేగాన్ని తట్టుకోలేక జారిపోతాయి. మనకి గుర్తుండేది ఆ చివరి స్పిన్ మాత్రమే, కాబట్టి వెనక మెత్తగా చేస్తాం, దాంతో ముక్కు ఇంకా తిరగదు, ఇంకా ఎక్కువ స్టీరింగ్ తిప్పుతాం, స్పిన్ ఇంకా గట్టిగా వస్తుంది. నా సుప్రా మీద నేను సరిగ్గా ఇదే చేశాను. గుర్తు పట్టడం తేలికే, స్పిన్‌కి ఒక అర సెకను ముందుగా, ముందు వైపు టైర్ల అరుపు వినపడి, స్టీరింగ్ మీరు అనుకున్నదానికంటే ఎక్కువ తిరిగి ఉంటే జబ్బు ముందు వైపు ఉంది. దానికి మందు ఎంట్రీ స్పీడ్ తగ్గించడం, లేదంటే ముందు వైపు యాంటీ రోల్ బార్ (మలుపులో కారు పక్కకి ఒరగకుండా ఆపే కడ్డీ) ఒక లెవెల్ మెత్తగా చెయ్యడం. ఇది కాదు అని తేలాకే కింద రాసినవి చదవండి.

సరే, ఎక్కువమందికి ఉండేది ఎగ్జిట్ సమస్య, అంటే యాక్సిలరేటర్ నొక్కగానే వెనక బయటికి రావడం. ముందు ఇంజిన్ వెనక చక్రాల కార్లన్నిటికీ, పవర్ పార్ట్స్ దట్టించిన ప్రతి వెనక చక్రాల కారుకీ ఇది వస్తుంది. దీనికి మీ ముందు అయిదారు దారులు ఉంటాయి, వాటిల్లో ఏది ముందు అనేదే ప్రశ్న.

మొదట గుర్తొచ్చేది ట్రాక్షన్ కంట్రోల్. 0 నుంచి 5 దాకా ఉంటుంది, రేస్ మధ్యలో కూడా మార్చుకోవచ్చు, ఖర్చు లేదు, వెంటనే పని చేస్తుంది. కానీ అది చేసేదల్లా చక్రం జారగానే పవర్ కొయ్యడం, అంటే ప్రతి ఎగ్జిట్‌లో మీ దగ్గర ఉన్న పవర్ కొంత వాడకుండా వదిలేసినట్టు. హెయిర్‌పిన్ తర్వాత పొడుగు స్ట్రెయిట్ ఉంటే ఎగ్జిట్‌లో పోయిన ఆ కాస్త వేగం స్ట్రెయిట్ చివరిదాకా మీ వెంటే వస్తుంది. కంట్రోలర్ మీద ఆడేవాళ్లకి 1 లేదా 2 పెట్టుకోమంటాను, అందులో తప్పేమీ లేదు, కానీ 4, 5 పెడితేగాని నడవట్లేదు అంటే జబ్బు వేరే చోట ఉందని అర్థం, దాన్ని అక్కడ సరి చెయ్యాలి.

దానికంటే మంచిది ఎల్‌ఎస్‌డీ, అంటే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, ఇంజిన్ పవర్‌ని రెండు చక్రాలకీ పంచుతూ వాటి వేగాల మధ్య తేడాని అదుపులో పెట్టే పార్ట్. పూర్తిగా మార్చుకోగలిగే రకం ట్యూనింగ్ షాప్‌లో కొనుక్కోవాలి, నన్నడిగితే ఏ కారుకైనా ఇంజిన్ పార్ట్స్ కంటే ముందు దీన్నే కొనండి అంటాను. ఇందులో మూడు నంబర్లు ఉంటాయి, ఇనీషియల్ టార్క్, యాక్సిలరేషన్ సెన్సిటివిటీ, బ్రేకింగ్ సెన్సిటివిటీ, మూడూ 5 నుంచి 60 దాకా. ఎగ్జిట్ సమస్యకి సంబంధించింది రెండోది. అది ఎక్కువగా ఉంటే యాక్సిలరేటర్ నొక్కినప్పుడు వెనక రెండు చక్రాలూ ఒకదానికొకటి కట్టేసినట్టు కలిసి తిరుగుతాయి, జారితే రెండూ కలిసి జారతాయి, తోక పోయినట్టే. తగ్గించే కొద్దీ బరువు తక్కువ ఉన్న లోపలి చక్రం ఒక్కటే ఉత్తినే తిరుగుతుంది, బయటి చక్రం మాత్రం పట్టు నిలుపుకుంటుంది, కారు లైన్ మీద ఉంటుంది. మరి 5కి దించేస్తే సరిపోతుంది కదా అంటే కాదు, లోపలి చక్రం పొగ పెడుతూ ఉంటే పవర్ అంతా దాంట్లోనే పోతుంది, కారు ముందుకి కదలదు. నేను రోడ్డు కార్లకి 15, 20 మధ్య మొదలుపెట్టి, లోపలి చక్రం మరీ తిరుగుతుంటే రెండేసి పెంచుకుంటూ పోతాను. ట్రాక్షన్ కంట్రోల్ 3 పెట్టడానికీ, ఎల్‌ఎస్‌డీ సరిగ్గా పెట్టి ట్రాక్షన్ కంట్రోల్ 1తో నడపడానికీ మధ్య ఎంచుకోమంటే ఆలోచించక్కర్లేదు, రెండోదే.

టైర్ల విషయం మరీ ముఖ్యం. కంఫర్ట్, స్పోర్ట్స్, రేసింగ్, ఒక్కోదాంట్లో హార్డ్, మీడియం, సాఫ్ట్, ఒక మెట్టు పైకి వెళ్తే మిగతా సెట్టింగులన్నీ కలిపి చేసేదానికంటే ఎక్కువ తేడా వస్తుంది, కానీ పీపీ (పెర్ఫార్మెన్స్ పాయింట్స్, కారు సత్తాకి గేమ్ ఇచ్చే మార్కులు) కూడా పెరుగుతుంది. పీపీ లిమిట్ ఉన్న ఈవెంట్‌లో అప్పుడు పవర్ తగ్గించుకోవాలి. సుకుబా లాంటి మలుపుల ట్రాక్ అయితే నేను కళ్లు మూసుకుని టైరు తీసుకుని పవర్ వదిలేస్తాను, డేటోనా ఓవల్ అయితే పవర్ ఉంచుకుంటాను. ఇంకో కిటుకు ఉంది, ముందు వెనక వేరే వేరే టైర్లు వేసుకోవచ్చు, ముందు స్పోర్ట్స్ మీడియం, వెనక స్పోర్ట్స్ సాఫ్ట్ అన్నమాట. మొదటి రెండు మూడు ల్యాప్‌లు మంత్రం వేసినట్టు ఉంటుంది కారు. కానీ టైర్ అరుగుదల ఆన్‌లో ఉన్న రేస్‌లో ఇది ఎదురు తంతుంది, వెనక చక్రాల కారుకి వెనక టైర్లు ఎలాగూ ముందు అరుగుతాయి, పైగా అవి సాఫ్ట్ అయితే ఇంకా తొందరగా అరుగుతాయి, రేస్ సగానికి వచ్చేసరికి ముందు టైర్లు బాగానే ఉండి వెనకవి అయిపోతాయి, మీరు వదిలించుకున్నాననుకున్న ఓవర్‌స్టీర్ వడ్డీతో సహా తిరిగి వస్తుంది. చిన్న రేస్‌కి ఓకే, పొడుగు రేస్‌కి నాలుగూ ఒకటే రకం వేసి సెట్టింగుల్లో సరి చేసుకోవడమే మేలు.

పవర్ సంగతి కూడా ఇక్కడే. ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) పెట్టి కొంచెం తగ్గించుకోవచ్చు, కానీ దానికంటే ముందు చెయ్యాల్సింది, రూపాయి ఖర్చు లేనిది, ఆ కార్నర్ రెండో గేర్‌లో కాకుండా మూడో గేర్‌లో తీసి చూడండి. చక్రానికి చేరే టార్క్ తగ్గుతుంది, తోక నిలబడుతుంది, చాలా సార్లు టైమ్ కూడా ఏమీ పోదు. ఆటోమేటిక్ గేర్లలో ఆడేవాళ్లకి ఇది కుదరదు, మాన్యువల్‌కి మారడానికి నాకు తెలిసిన గట్టి కారణం ఇదే. టర్బో వేసేటప్పుడు కూడా చూసుకోండి, పైన ఎక్కువ పవర్ ఇచ్చే హై ఆర్‌పీఎం టర్బో కింద నిద్రపోయి ఒక్కసారిగా లేస్తుంది, అది లేచేది సరిగ్గా మీరు కార్నర్ సగంలో ఉండగా.

ఫోర్ వీల్ డ్రైవ్ కారు అయితే మీ పని తేలిక. ముందు వెనకల మధ్య టార్క్ పంచే సెంటర్ డిఫరెన్షియల్ కొని ముందుకి కొంచెం ఎక్కువ పంపండి, అయిదు శాతం చొప్పున జరుపుతూ. ఎక్కువ పంపితే ముక్కు తిరగనంటుంది, అక్కడ ఆగండి.

ఇప్పుడు రెండో జబ్బు, ఎంట్రీలో తిరిగేది. దీనికి నా గురువు పోర్షే 911 టర్బో, 930 అంటారు, గేమ్‌లో 81 మోడల్ ఉంటుంది. 3.3 లీటర్ ఫ్లాట్ సిక్స్ టర్బో, 300 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత), నాలుగే గేర్లు, ఇంజిన్ మొత్తం వెనక యాక్సిల్ దాటి వెనకాల వేలాడుతూ ఉంటుంది. యాక్సిలరేటర్ మీద ఉన్నంతసేపూ ఆ బరువు వెనక టైర్లని నేలకి నొక్కి పెడుతుంది, అందుకే ఎగ్జిట్‌లో అది చాలా మంచి కారు. కార్నర్‌లో భయపడి కాలు తీశారో, అయిపోయింది, బరువు ముందుకి పోతుంది, వెనక టైర్లు తేలికవుతాయి, వెనక ఉన్న ఇంజిన్ మాత్రం తను వెళ్తున్న దారినే వెళ్దామని చూస్తుంది, తాడు చివర రాయి కట్టి తిప్పినట్టు. ఇంగ్లీష్ వాళ్లు ఆ కారుకి విధవరాళ్లని చేసేది అనే అర్థం వచ్చే పేరు పెట్టింది ఊరికే కాదు.

ఇలాంటి దానికి నేను ముందు ముట్టుకునేది బ్రేక్ బ్యాలెన్స్. -5 నుంచి +5 దాకా ఉంటుంది, మైనస్ వైపు వెళ్తే ముందు చక్రాలకి ఎక్కువ బ్రేక్ పడుతుంది. రోడ్డు కార్లకి ముందుగా బ్రేక్ బ్యాలెన్స్ కంట్రోలర్ అనే పార్ట్ కొనుక్కోవాలి, తర్వాత రేస్ నడుస్తుండగానే మార్చుకోవచ్చు, ఇది దీని పెద్ద లాభం, పెట్రోల్ తగ్గి కారు తేలికయ్యే కొద్దీ, టైర్లు అరిగే కొద్దీ ఒక్కో మెట్టు జరుపుకోవచ్చు. -2 లేదా -3 తో మొదలుపెట్టండి. -5 పెట్టేస్తే వెనక కదలదు కానీ ముందు టైర్ల జీతం అంతా బ్రేకింగ్‌కే అయిపోయి తిరగడానికి ఏమీ మిగలదు, కార్నర్ మొదలు దాటి బయటికి పోతారు.

రెండో దారి ఎల్‌ఎస్‌డీలో మూడో నంబర్, బ్రేకింగ్ సెన్సిటివిటీ. పెంచితే కాలు తీసినప్పుడూ బ్రేక్ వేసినప్పుడూ వెనక రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరగాలని పట్టు పడతాయి, కాబట్టి కారు నేరుగా ఉండాలని చూస్తుంది, తోక నిలకడగా ఉంటుంది. బ్రేక్ బ్యాలెన్స్‌కీ దీనికీ తేడా ఎక్కడంటే, బ్యాలెన్స్ మీరు బ్రేక్ నొక్కినప్పుడే పని చేస్తుంది, ఇది ఊరికే కాలు తీసినా పని చేస్తుంది. కాబట్టి మీ కారు బ్రేక్ మీద తిరుగుతుంటే బ్యాలెన్స్, బ్రేక్ లేకుండా యాక్సిలరేటర్ వదిలినప్పుడు తిరుగుతుంటే బ్రేకింగ్ సెన్సిటివిటీ. 930కి నాకు రెండూ కావాల్సి వచ్చాయి, సెన్సిటివిటీ 30 దాకా పెంచి బ్యాలెన్స్ -2 దగ్గర ఆపాను. దీని నష్టం కూడా చెప్పాలి, సందు మలుపుల్లో కారు మొండిగా తయారవుతుంది, స్టీరింగ్ తిప్పినా ఒక క్షణం ఆలోచించి తిరుగుతుంది.

వెనక ఇంజిన్ కార్లకి ఇంకో ఉపాయం బ్యాలస్ట్, అంటే బరువు దిమ్మ. 200 కిలోల దాకా వేసుకోవచ్చు, అది ముందు ఉండాలో వెనక ఉండాలో కూడా మీరే పెట్టుకోవచ్చు. 40, 50 కిలోలు వేసి పూర్తిగా ముందుకి జరిపితే 930 ముక్కు బుద్ధిగా ఉంటుంది. బరువు పెరిగితే పీపీ తగ్గుతుంది, ఆ తగ్గిన పీపీతో మంచి టైరు వేసుకోవచ్చు. కానీ బరువు అనేది బ్రేకింగ్‌లో, టైర్ అరుగుదలలో, ప్రతి చోటా వసూలు చేస్తుంది, అందుకే ఇది నాకు ఆఖరి దారి. ముందు చక్రాలు తిప్పే కార్లు, సివిక్ టైప్ ఆర్ లాంటివి, అవి కూడా కాలు తీస్తే తోక తిప్పుతాయి, వాటికి ఇదంతా అక్కర్లేదు, వెనక యాంటీ రోల్ బార్ రెండు లెవెల్స్ తగ్గిస్తే సరిపోతుంది.

ఒక మాట, ఎంట్రీ సమస్యలో సగం మన కాలిది. నేరుగా ఉన్నప్పుడే గట్టిగా బ్రేక్ వేసి, స్టీరింగ్ తిప్పే కొద్దీ బ్రేక్ కొంచెం కొంచెంగా వదలాలి, పూర్తిగా ఒక్కసారి వదలకూడదు, గట్టిగా పట్టుకునీ ఉండకూడదు. 930లో దీనికి ఏ సెట్టింగూ ప్రత్యామ్నాయం కాదు.

మూడోది మధ్యలో తిరిగేది, బ్రేక్ మీదా లేం, పవర్ మీదా లేం, పొడుగాటి మలుపులో స్థిరంగా వెళ్తుంటే నెమ్మదిగా వెనక జారుకుంటూ పోవడం. సుకుబా చివరి మలుపులో ఇది బాగా బయటపడుతుంది. ఇది తక్కువ మందికి వస్తుంది కానీ వస్తే అచ్చంగా సస్పెన్షన్ జబ్బే, ఇక్కడ సస్పెన్షన్ ముట్టుకోవాల్సిందే.

యాంటీ రోల్ బార్ 1 నుంచి 10 లెవెల్స్. ఏ వైపు బార్ గట్టిగా ఉంటే మలుపులో ఆ వైపు బయటి టైరు మీద ఎక్కువ బరువు పడుతుంది, లోపలి టైరు తేలికవుతుంది, బయటి టైరు లాభపడేది లోపలిది నష్టపోయిన దానికంటే తక్కువ కాబట్టి మొత్తం మీద ఆ వైపు పట్టు తగ్గుతుంది. కాబట్టి వెనక తగ్గించాలి, లేదా ముందు పెంచాలి. ఈ రెండిట్లో ఏది అంటే నేను ఎప్పుడూ వెనక తగ్గించే వైపే, ఎందుకంటే వెనక తగ్గిస్తే కారుకి మొత్తంగా పట్టు పెరుగుతుంది, ముందు పెంచితే ముందు పట్టు చంపి బ్యాలెన్స్ చేసినట్టు అవుతుంది. ఒక్క సందర్భంలో మాత్రం ముందు పెంచుతాను, జపాన్‌లోని సుజుకా సర్క్యూట్ మొదటి సెక్టార్‌లో ఎస్ మలుపుల్లాంటి చోట కారు ఎడమ కుడి వెంటవెంటనే మారాలి, వెనక మరీ మెత్తగా ఉంటే కారు ఊగుతూ ఆలస్యంగా తేరుకుంటుంది.

స్ప్రింగుల సంగతి, గేమ్‌లో నేచురల్ ఫ్రీక్వెన్సీ అని హెర్ట్జ్‌లో చూపిస్తుంది, లెక్క అదే, వెనక 0.10, 0.15 తగ్గిస్తే వెనక పట్టు పెరుగుతుంది. బార్ మార్చడానికీ స్ప్రింగ్ మార్చడానికీ తేడా ఏంటంటే బార్ మలుపులో మాత్రమే పని చేస్తుంది, స్ప్రింగ్ బ్రేకులో, పవర్‌లో, గతుకుల్లో అన్నిట్లో పని చేస్తుంది. మధ్యలో మాత్రమే సమస్య ఉంటే బార్, మధ్యలోనూ ఎగ్జిట్‌లోనూ రెండు చోట్లా ఉంటే స్ప్రింగ్. జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫ్ ట్రాక్‌కి వెళ్తుంటే నేను బార్ జోలికి పోకుండా స్ప్రింగే మెత్తగా చేస్తాను, 20.8 కిలోమీటర్ల ఆ రోడ్డంతా ఎత్తుపల్లాలు, గట్టి కారు అక్కడ గాల్లోనే ఎక్కువసేపు ఉంటుంది.

వెనక టో ఇన్ కూడా మంచి మందే, 0.10 పెంచినా తేడా తెలుస్తుంది, వెనక టైర్లు కొంచెం లోపలికి చూస్తూ ఉంటాయి కాబట్టి కారు నేరుగా ఉండటానికి మొగ్గు చూపుతుంది. మూడు జబ్బులకీ కొంచెం కొంచెం పని చేస్తుంది, దేనికీ పూర్తిగా పని చెయ్యదు, టైర్ ఎక్కువ అరుగుతుంది, స్ట్రెయిట్‌లో కాస్త వేగం తింటుంది. బార్, ఎల్‌ఎస్‌డీ సరిగ్గా పెట్టాక ఇంకా చిన్న భయం మిగిలితే అప్పుడు వెయ్యండి. క్యాంబర్‌తో (చక్రం నిలువుగా కాకుండా పక్కకి ఎంత వాలి ఉందో ఆ కోణం) ఓవర్‌స్టీర్ తగ్గించాలని చూడొద్దు, ముందు వెనక ఒకటిన్నర డిగ్రీల చుట్టుపక్కల పెట్టి వదిలెయ్యండి. డ్యాంపర్లు (స్ప్రింగ్ ఊగడాన్ని ఆపేవి) బరువు ఎంత మారుతుందో మార్చవు, ఎంత తొందరగా మారుతుందో మాత్రమే మారుస్తాయి, వాటిని అన్నిటికంటే చివర్లో చూసుకోవచ్చు.

వెనక వింగ్ గురించి చాలామందికి ఉన్న అపోహ తీర్చాలి. డౌన్‌ఫోర్స్, అంటే గాలి కారుని నేలకి నొక్కే బలం, వేగం వర్గంతో పెరుగుతుంది, గంటకి 80 కిలోమీటర్లలో ఒక వంతు ఉంటే 160లో నాలుగు వంతులు, 240లో తొమ్మిది వంతులు. అంటే సుజుకాలో 130ఆర్ అనే వేగమైన మలుపు లాంటి చోట వెనక జారుతుంటే వింగ్ బంగారం, రెండో గేర్ హెయిర్‌పిన్‌లో జారుతుంటే వింగ్ ఎంత పెట్టినా ఉపయోగం లేదు, స్ట్రెయిట్‌లో వేగం మాత్రం పోతుంది. నెమ్మది మలుపుకి ఎల్‌ఎస్‌డీ, బార్, వేగం మలుపుకి వింగ్, ఈ ఒక్కటి గుర్తుంటే చాలు, నాకు ఎంతోమంది చూపించిన షీట్లలో ఈ తప్పే ఎక్కువ.

ఒకసారి ఒక్కటే మార్చండి. గేమ్‌లో ఒకే కారుకి చాలా సెట్టింగ్ షీట్లు దాచుకోవచ్చు, మంచి షీట్‌ని కాపీ చేసుకుని కాపీలో మార్చండి, మళ్లీ అయిదు ల్యాప్‌లు. మూడు కలిపి మారిస్తే ఏది పని చేసిందో, ఏది చెడగొట్టిందో ఎప్పటికీ తెలియదు. మా తమ్ముడు ఒక రాత్రంతా ఒకేసారి ఎనిమిది నంబర్లు మార్చుకుంటూ కూర్చున్నాడు, పొద్దున మొదటి షీట్‌కి వెళ్లి వెనక బార్ ఒక్కటి 5 నుంచి 3 చేశాక నవ్వు వచ్చింది వాడికి.

అసిస్టుల్లో ఏఎస్‌ఎమ్ ఒకటుంది, కారు తిరగబోతే తనే బ్రేక్ వేసి పట్టుకుంటుంది. మొదటి వారం ఆడేవాళ్లకి ఉంచండి, తర్వాత తీసెయ్యండి, ఎందుకంటే అది ఆన్‌లో ఉంటే కారు ఎక్కడ తిరుగుతుందో మీకు కనపడదు, పైన చెప్పింది ఏదీ చెయ్యలేరు. కౌంటర్ స్టీరింగ్ అసిస్ట్ కంట్రోలర్ వాళ్లకి వీక్‌లో ఉంచుకోవచ్చు.

ఇంక స్పోర్ట్ మోడ్‌లో ఆన్‌లైన్‌లో జరిగే డైలీ రేసుల మాట. బీఓపీ (కార్లన్నిటినీ గేమే సమానం చేసే పద్ధతి) ఉన్న రేస్ అయితే సెట్టింగులన్నీ తాళం వేసి ఉంటాయి, మీరు ఇంట్లో చేసుకున్న షీట్ అక్కడ పనికిరాదు. మీ చేతిలో మిగిలేది బ్రేక్ బ్యాలెన్స్, ట్రాక్షన్ కంట్రోల్, గేర్ ఎంపిక, ఎంట్రీ స్పీడ్, ఈ నాలుగే. కాబట్టి అక్కడ ముందు చూసుకోవాల్సింది కారు ఎంపిక. వెనక తిరిగే కారుతో టైమ్ సెకనులో రెండు పదో వంతులు తగ్గుతుందని దాన్ని తీసుకుని గోడకి కొట్టుకోవడం కంటే, ముందు ఇంజిన్ ఉన్న నిదానమైన కారుతో పది ల్యాప్‌లు తప్పు లేకుండా తిరగడం నాకు ఎక్కువ స్థానాలు తెచ్చిపెట్టింది. టైర్ అరుగుదల ఉన్న రేస్‌లో మొదటి ల్యాప్ నుంచీ బ్యాలెన్స్ -1లో పెట్టి, వెనక టైర్ సగం అయ్యాక -2, -3కి దింపుతాను.

వాన పడితే కథ మళ్లీ మొదటికి వస్తుంది. బెల్జియంలోని స్పా సర్క్యూట్ లాంటి చోట ఒక వైపు తడి, ఇంకో వైపు పొడి ఉంటుంది, ఒకే సెట్టింగ్ రెండిటికీ కుదరదు. తడి కోసం విడిగా ఒక షీట్ పెట్టుకోండి, యాక్సిలరేషన్ సెన్సిటివిటీ ఇంకో అయిదు తగ్గించి, వెనక బార్ ఒక లెవెల్ దించి, ట్రాక్షన్ కంట్రోల్ 2. రాడార్‌లో మేఘం వచ్చేలోపే ఇంటర్మీడియట్ టైర్లకి (కొంచెం తడికి వాడేవి) పిట్‌లోకి వెళ్లాలా, ఇంకో ల్యాప్ ఆగాలా అన్నప్పుడు, మీ కారు ఎగ్జిట్ జబ్బు ఉన్నదైతే ఆగకండి, ముందే వెళ్లిపోండి, తడి రోడ్డు మీద స్లిక్ టైర్లతో (గాళ్లు లేని, పొడి రోడ్డు టైర్లు) ఆ ఒక్క ల్యాప్‌లోనే ఎక్కువ పోతుంది.